మీ వంతు, మా వంతు: మోర్సు సంభాషణలోని విధాన సంకేతములు

మోర్సు సంకేతావళి అనగానే మనకు చుక్కలతోను గీతలతోను కూర్చిన ఇంగ్లీషు అక్షరమాల జ్ఞప్తికి వచ్చును. 'ఎ' అనగా ఒక చుక్క, ఒక గీత. 'బి' అనగా ఒక గీత, మూడు చుక్కలు. పాఠ్యపుస్తకములలో ఈ పట్టిక ఇచ్చి ఊరకుందురు. కాని ఆ పట్టికను మాత్రమే కంఠస్థము చేసినవాడు మోర్సులో ఒక మాటను పంపగలడే గాని ఒక సంభాషణను నడుపలేడు. ఎదుటివాడు కంటికి కనపడడు. వినుచున్నాడో లేదో తెలియదు. నా మాట ముగిసినది, ఇక నీ వంతు అని అతనికి తెలుపుట యెట్లు? ఒక్క క్షణము ఆగుమనుట యెట్లు? నిన్నే పిలుచుచున్నాను, తక్కినవారు జోక్యము చేసికొనరాదు అని చెప్పుట యెట్లు?

ఎదురెదురుగా కూర్చుండి మాటలాడుకొనునప్పుడు ఈ పనులన్నియు కనుసైగతోను, తలయూపుతోను, గొంతు దించుటతోను జరిగిపోవును. మోర్సులో కన్నులు లేవు, గొంతు లేదు. అందువలన ఆ సైగలకు కూడ చుక్కలను గీతలను కేటాయింపవలసి వచ్చినది. అట్లు పుట్టిన గుర్తులనే విధాన సంకేతములు అందురు. అవి సందేశములో భాగములు కావు. సందేశమును నడిపించు పగ్గములు. 'హామ్'లు అని వ్యవహరింపబడు అమెచ్యూరు రేడియోవారు వాటిని నేటికిని వాడుచున్నారు. ఆ గుర్తులలో కొన్నిటి వయస్సు నూట అరువది సంవత్సరములు దాటినది.

ఈ అవసరము మొట్టమొదట రేడియోలో కలుగలేదు, తీగపైననే కలిగినది. 1844 మే 24వ తేదీన సామ్యుయేల్ మోర్సు వాషింగ్టను నుండి బాల్టిమోరునకు తన తొలి బహిరంగ సందేశమును పంపినాడు. అటుపిమ్మట కొలది సంవత్సరములలోనే అమెరికాలో రైలుమార్గముల వెంట తంతితీగలు అల్లుకొని పోయినవి. ఒకే తీగపై అనేక కార్యాలయములు వరుసగా కూర్చబడి యుండెడివి. ఒకచోట మీట నొక్కినచో ఆ వరుసలోని సౌండర్లన్నియు టకటకలాడును. ఊరందరికి ఒకే చేదబావి ఉన్నట్లు, అందరికి ఒకే తీగ. ఎవరి వంతు ఎప్పుడో తేల్చుకొనక తప్పదు.

అయితే ఆ తీగకు ఒక సౌకర్యము కలదు. అమెరికా పద్ధతిలో తీగ ఖాళీగా ఉన్నపుడు కూడ విద్యుత్తు దానిలో ప్రవహించుచునే యుండును. పంపువాడు తన మీటవద్ద వలయమును తెరచి, నొక్కినపుడెల్ల మూయుచు మాట పంపును. అతని సౌండరు కూడ అతని మాటనే అతనికి వినిపించును. వినువానికి ఒక మాట అర్థము కాలేదనుకొనుడు. అతడు తన మీటను తెరచినచో చాలును. వలయము తెగిపోయి పంపువాని సౌండరు మూగవోవును. ఎవరో అడ్డు వచ్చినారని అతడు వెంటనే గ్రహించి ఆగును. అనగా ఈ తీగపై మాట మధ్యలో అందుకొనుట సాధ్యము. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. రేడియో వచ్చిన తరువాత పోయినది ఇదియే.

తీగపై కాలమునకు విలువ కట్టి యుండుటచే, తరచు వాడు వాక్యములకు బదులు అంకెలు వాడుకలోనికి వచ్చినవి. 1859లో వెస్టరన్ యూనియన్ కంపెనీ 1 నుండి 92 వరకు అంకెలకు అర్థములు నిర్ణయించి ఒక పట్టిక ఏర్పరచినది. దానిలో నేటికి మిగిలినవి మిక్కిలి కొద్ది. 30 అనగా 'ఇక లేదు, ముగిసినది'. అమెరికా పత్రికా విలేఖరులు తమ వార్త చివర చాలకాలము వరకు ఈ 30ని వ్రాయుచుండిరి. 73 కథ మరింత సరసమైనది. 1857 నాటి తంతివారి పత్రికలో దాని అర్థము 'నీకు నా ప్రేమ' అని కనబడును! తరువాత అది చల్లబడి మర్యాదపూర్వకమైన అభివాదముగాను, చివరకు 'శుభాకాంక్షలు'గాను స్థిరపడినది. ప్రేమ కొరకు హామ్‌లు 88ని వేరుగా ఉంచుకొన్నారు. నేడు ప్రపంచములో ఏ మూలనున్న హామ్ అయినను సంభాషణ చివర 73 చెప్పక విడువడు.

ఇచట ఒక చిక్కు గలదు. మోర్సు సంకేతావళి ఒకటి కాదు, రెండు. అమెరికాలో పుట్టిన మొదటి దానిలో కొన్ని అక్షరముల లోపలనే ఖాళీలు, కొన్నిటికి పొడుగు గీతలు ఉండెడివి. 1848లో జర్మనీ దేశీయుడు ఫ్రీడ్రిక్ గెర్కె హాంబర్గు, కుక్స్‌హాఫెన్‌ల నడుమ తీగ కొరకు దానిని సంస్కరించినాడు. 1865లో పారిసు నగరమున జరిగిన అంతర్జాతీయ తంతి సమావేశము దానికి దగ్గరి రూపమును అంగీకరించినది. మనము నేడు నేర్చునది ఈ రెండవదియే. అమెరికా తీగలపై మాత్రము పాతదే చిరకాలము నిలచినది.

పాత సంకేతావళి పోయినను దానిలోని కొన్ని సైగలు క్రొత్తదానిలో దాగి మిగిలినవని చెప్పుదురు. సందేశము ముగిసినదని తెలుపు గుర్తు 'ఎ ఆర్'. దాని రూపము · — · — · అని యుండును. ముగింపునకు 'ఎ', 'ఆర్' అక్షరములకు ఏమి సంబంధము? ఏమియు లేదు. కాని పాత అమెరికా సంకేతావళిలో · — · అనగా 'ఎఫ్'; — · అనగా 'ఎన్'. రెండును కలిపినచో ఇదే రూపము వచ్చును. ఫినిష్ అను మాటకు అది పొట్టిరూపము. అట్లే సంభాషణయే ముగిసినదని తెలుపు 'ఎస్ కె' ( · · · — · — ) రూపమును చూడుడు. పాత సంకేతావళిలో 3 అంకె · · · — ·. సున్న ఒక పొడుగు గీత. అనగా 30! పత్రికావిలేఖరి కాగితముపై వ్రాసిన ముప్పదియే హామ్ చేతిలో 'ఎస్ కె' అయి కూర్చున్నది. ఈ వ్యుత్పత్తులకు శాసనములవంటి సాక్ష్యములు లేవు గాని, రూపములు అచ్చుగుద్దినట్లు సరిపోవుచుండుటచే నాకు ఇవి నమ్మదగినవిగానే తోచుచున్నవి.

'ఎ ఆర్' అని మనము రెండు అక్షరములుగా చెప్పుచున్నను చెవికి అది రెండు అక్షరములు కాదు. మోర్సులో కాలపు కొలత చుక్క. గీత మూడు చుక్కల కాలము. ఒక అక్షరములోని ముక్కల నడుమ ఒక చుక్కంత మౌనము, అక్షరముల నడుమ మూడు చుక్కలంత, మాటల నడుమ ఏడు చుక్కలంత మౌనము ఉండవలెను. విధాన సంకేతములో అక్షరముల నడిమి మూడు చుక్కల మౌనమును తీసివేసి ఒక్క చుక్కకు కుదింతురు. కాగితముపై వ్రాయునపుడు ఆ అక్షరములపై ఒక గీతను ఈ చివరినుండి ఆ చివరివరకు గీయుదురు. అందరెరిగిన 'ఎస్ ఓ ఎస్'ను తీసికొందము. మూడు అక్షరములుగా విడదీసి పంపినచో 27 చుక్కల కాలము పట్టును. కలిపి పంపినచో 23 చాలును. నిమిషమునకు 12 మాటల వేగములో ఒక చుక్క సెకనులో పదవ వంతు, అనగా 2.3 సెకనులు. అయితే ముఖ్యమైన లాభము కాలము కాదు. అట్లు కలిసిపోయిన రూపము సాధారణమైన మాటలలో ఎక్కడను తటస్థపడదు గనుక చెవి దానిని సందేశముగా పొరబడదు.

ఇక రేడియోకు వత్తము. మార్కోని నిస్తంతి యంత్రములు ఓడలపైకి ఎక్కిన కాలమున పంపుటకు, వినుటకు ఒకే ఏంటెన్నా. పంపునపుడు నిప్పురవ్వల యంత్రము ఏంటెన్నాకు తగిలించి యుండును; వినవలెనన్నచో మీటను త్రిప్పి గ్రాహకమును తగిలింపవలెను. అందువలన పంపుచున్నంతసేపు ఆపరేటరు చెవిటివాడే. తీగపై వలె మధ్యలో ఎవరును అతనిని ఆపజాలరు. తాను ఆపి, తానే వంతు అప్పగింపవలెను. అందుకు ఏర్పడినదే 'కె' ( — · — ): 'పంపవచ్చును' అని ఆహ్వానము. దానికి తోడు 'ఎ ఎస్' ( · — · · · ) అనగా వేచియుండుము. 'ఆర్' ( · — · ) అనగా చెప్పినది పూర్తిగా అందినది. వరుసగా ఎనిమిది చుక్కలు అనగా తప్పు పడినది, మరల పంపుచున్నాను.

తీగమీద ఎవరెవరు ఉన్నారో ముందే తెలియును. సముద్రముపై అట్లు కాదు. ఎవరు వినుచున్నారో తెలియని ఆకాశములోనికి కేకవేయవలెను. బ్రిటిషు తంతితీగలపై 'అన్ని కార్యాలయములకు' అను అర్థములో వాడుచుండిన 'సి క్యూ' అను పిలుపును మార్కోని కంపెనీవారు ఓడలకు తెచ్చినారు. వారి ఆపరేటర్లలో పలువురు తంతి కార్యాలయములనుండి వచ్చినవారే. 'నిన్ను వెదకుచున్నాను' అను ఇంగ్లీషు మాటల ధ్వని దీనిలో వినబడుచున్నదని చెప్పుట తరువాత పుట్టిన చమత్కారము. 1904 జనవరి 7వ తేదీన ఆ కంపెనీ దానికి 'డి' చేర్చి, 'సి క్యూ డి'ని ఆపదలో ఉన్న ఓడలకు గుర్తుగా నిర్ణయించినది. జర్మనీ మరుసటి సంవత్సరము 'ఎస్ ఓ ఎస్'ను తన నిబంధనలలో చేర్చినది. 1906లో బెర్లిను సమావేశము దీనినే అన్ని దేశములకు అంగీకరించినది; అది 1908 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. అక్షరములకు అర్థమేమియు లేదు. పొరబడుటకు వీలులేని లయ మాత్రమే. అయినను బ్రిటిషు ఆపరేటర్లు పాత 'సి క్యూ డి'ని విడువలేదు.

1912 ఏప్రిలు 14 రాత్రి. టైటానిక్ ఓడలో ఆపరేటర్లు ఇద్దరు: జాక్ ఫిలిప్సు, హెరాల్డ్ బ్రైడ్. ప్రయాణికుల సొంత సందేశములు కుప్పలుగా పేరుకొని యున్నవి. ఫిలిప్సు న్యూఫౌండ్లండు తీరమందలి కేప్ రేసు స్టేషనుతో పనిలో ఉన్నాడు. అక్కడినుండి వచ్చు ధ్వని సన్నగా ఉన్నది. సుమారు పదకొండు గంటలకు కాలిఫోర్నియన్ అను ఓడనుండి సిరిల్ ఎవన్సు పిలిచి, మంచులో చిక్కి నిలచిపోయినామని చెప్పినాడు. ఆ ఓడ సమీపమున ఉండుటచే దాని ధ్వని ఫిలిప్సు చెవిలో పిడుగువలె పడినది. అతడు విసుగుతో నోరు మూసికొమ్మని, తాను కేప్ రేసుతో పనిలో ఉన్నానని బదులిచ్చినాడు.

ఈ ప్రత్యుత్తరము నూరు సంవత్సరములుగా అందరి నోళ్ళలోను నానుచున్నది. ఫిలిప్సును దురుసువానిగా చిత్రించుట కద్దు. కాని ఎవన్సు విచారణసంఘము ఎదుట అది అవమానముగా తాను భావింపలేదని చెప్పినాడు. ఆపరేటర్ల నడుమ అది మామూలే. నా దృష్టిలో అసలు లోపము ఫిలిప్సు కోపములో లేదు. పిలుపు వచ్చిన తీరులో ఉన్నది. ఒక ఓడ నాయకుడు మరియొక ఓడ నాయకునికి పంపు సందేశమునకు ముందు 'ఎం ఎస్ జి' అను గుర్తు పెట్టుట ఆనాటి మార్కోని వాడుక. ఆ గుర్తు ఉన్నచో దానిని వ్రాసికొని నాయకుని చేతికి అందించుట ఆపరేటరు విధి. ఎవన్సు తన నాయకుని మాటమీదనే పిలిచినాడు గాని, 'ఏమోయ్ మిత్రమా' అన్నట్లు కబురుగా చెప్పినాడు. ఇది కబురా, ఆజ్ఞా, హెచ్చరికయా అని తెలుపు సైగ దానికి లేదు. పని మధ్యలో ఉన్నవానికి అది రొదగా మాత్రమే వినబడినది. ఆ గుర్తు ఉండియున్నచో ఓడ తప్పక బ్రతికెడిదని చెప్పుట సాహసము. మంచును గురించిన హెచ్చరికలు ఆ దినమున మరికొన్ని వచ్చియే యున్నవి.

ఎవన్సు మరికొంతసేపు విని, టైటానిక్ ఇంకను కేప్ రేసుతోనే మాటలాడుచుండుట గమనించి, సుమారు 11 గంటల 35 నిమిషములకు చెవినుండి గ్రాహకమును తీసి పండుకొన్నాడు. ఆ ఓడలో అతడొక్కడే ఆపరేటరు. 11 గంటల 40 నిమిషములకు టైటానిక్ మంచుకొండను తాకినది. అర్ధరాత్రి దాటిన తరువాత ఫిలిప్సు 'సి క్యూ డి' పంపసాగినాడు. క్రొత్త పిలుపు 'ఎస్ ఓ ఎస్' కూడ పంపి చూడుమని, దానిని వాడుటకు ఇదే చివరి అవకాశము కావచ్చునని బ్రైడ్ పరిహాసముగా అన్నాడట. రెండును మార్చి మార్చి పంపినారు. కార్పేథియా ఓడలో హెరాల్డ్ కాటమ్ పడుకొనబోవుచు, కేప్ కాడ్ స్టేషనువద్ద మీకు సందేశములు వేచియున్నవి అని చెప్పుటకు తానుగా టైటానిక్‌ను పిలిచినాడు. బదులుగా వచ్చినది ఆపద పిలుపు. ఆ ఓడయే వచ్చి ఏడువందల పైచిలుకు మందిని కాపాడినది. సుమారు 1500 మంది నీటిపాలైనారు. వారిలో ఫిలిప్సు ఒకడు. కాలిఫోర్నియన్ ఎంత దూరములో ఉన్నదను వివాదము నేటికిని తెగలేదు.

ఆ వేసవిలోనే లండనులో అంతర్జాతీయ రేడియో సమావేశము జరిగినది. 1912 జూలై 5న కుదిరిన ఒప్పందము మరుసటి సంవత్సరము జూలైనుండి అమలైనది. 'క్యూ'తో మొదలగు మూడక్షరముల సంకేతములు దానితో అంతర్జాతీయములైనవి. వీటి అందము ఏమనగా, ఒకే గుర్తు ప్రశ్నార్థకముతో పంపిన ప్రశ్న, ఊరక పంపిన జవాబు. భాష తెలియనక్కరలేదు. జపాను ఓడ, నార్వే ఓడ ఒకదానినొకటి అడుగుకొనవచ్చును. 'క్యూ ఆర్ ఎం' అనగా ఇతరుల సంకేతములు అడ్డు వచ్చుచున్నవి. 'క్యూ ఆర్ ఎన్' అనగా ఉరుముల రొద. 'క్యూ ఆర్ టి' అనగా పంపుట ఆపుము. అనగా ఫిలిప్సు చెప్పదలచిన మాటకు కోపము లేని రూపము దొరికినది!

తరువాతి సంవత్సరములలో మౌనము కూడ ఒక విధానమైనది. ఓడల రేడియో గదులలోని గడియారములపై గంటకు రెండుసార్లు, 15 నుండి 18 నిమిషముల వరకును 45 నుండి 48 నిమిషముల వరకును ఎర్రని ముక్కలు చిత్రించి యుండెడివి. ఆ మూడేసి నిమిషములు 500 కిలోసైకిళ్ళ ఆపద పౌనఃపున్యముపై అందరును మాటమాని వినవలెను. ఆపరేటరు నిద్రించుచున్నను మేలుకొల్పుటకు మరియొక గుర్తు వచ్చినది: నాలుగేసి సెకనుల గీతలు పండ్రెండు, నడుమ ఒక్కొక్క సెకను ఎడము. మొత్తము సరిగా ఒక నిమిషము. దీనిని మనిషి వినుటకు కాదు, యంత్రము వినుటకు ఏర్పరచినారు. విని గంట మ్రోగించును.

అమెచ్యూరులు ఈ ఆస్తిని తంతివారినుండి, ఓడలవారినుండి ఉభయులనుండి వారసత్వముగా పొందినారు. 1912లో అమెరికా చట్టము వారిని ఎవరికిని అక్కరలేదనుకొన్న 200 మీటర్లకు తక్కువ తరంగములకు నెట్టినది. 1914లో హైరమ్ పెర్సీ మాక్సిమ్, క్లారెన్సు టుస్కా నెలకొల్పిన అమెరికా రిలే సంఘమువారు ఒకరినుండి ఒకరికి సందేశములను అందించుకొనుచు దేశము దాటించుచుండిరి. నడుమ నాలుగు చేతులు మారు సందేశము చెడకుండ ఉండవలెనన్నచో మొదలెక్కడ, తుద యెక్కడ అనునది చెప్పు గుర్తులు ప్రాణమువంటివి. 1915లో వారు ప్రారంభించిన పత్రికకు పెట్టిన పేరే 'క్యూ ఎస్ టి'. అదియు అందరిని పిలుచు ఒక సంకేతమే.

1923 నవంబరు చివర, ఫ్రాన్సు దేశమున నీస్ నగరములోని లియోన్ డెలాయ్, అమెరికాలో కనెక్టికట్‌కు చెందిన ఫ్రెడ్ ష్నెల్, జాన్ రైనార్ట్జ్ అట్లాంటిక్ మహాసముద్రముమీదుగా ఇరువైపుల మాటలాడుకొన్నారు. అక్కరలేదని పారవేసిన పొట్టి తరంగములే ఖండాంతరములకు పోవునని అందరికిని తెలిసివచ్చినది. మన దేశములో 1921లో అమరేంద్రచంద్ర గుప్తు మొదటి అమెచ్యూరు స్టేషను నెలకొల్పగా, అదే సంవత్సరము ముకుల్ బోస్ రెండవవాడైనాడు. ఇద్దరున్నప్పుడే గదా వంతుల ప్రసక్తి వచ్చునది!

ఒక సంభాషణ నడక చూతము. ఒక హామ్ 'సి క్యూ' అని కొన్నిమార్లు కొట్టి, 'డి ఇ' అని తన పిలుపుపేరును చేర్చును. 'డి ఇ' ఫ్రెంచి మాట. 'నుండి' అని అర్థము. చివర 'కె'. ఎవరైనను రావచ్చునని దాని భావము. రెండవవాడు తన పేరుతో పలుకును. అప్పటినుండి మొదటివాడు వట్టి 'కె' వాడడు. 'కె ఎన్' ( — · — — · ) అని వంతు అప్పగించును. అనగా 'నీవొక్కడవే పలుకుము, తక్కినవారు ఆగవలెను.' విషయమునకు విషయమునకు నడుమ 'బి టి' ( — · · · — ). మనము పేరా మార్చినట్లు. నవ్వు వచ్చినచో నాలుగు చుక్కలు, రెండు చుక్కలు: 'హెచ్ ఐ'. చివర 73, 'ఎస్ కె'. ఇక స్టేషను కట్టివేయువాడు 'సి ఎల్' అనును. రెండవ పిలుపునకు అతనినుండి బదులు ఆశింపరాదు. ఇంటి తలుపు గడియ వేసిన చప్పుడు అది.

తరువాత ఎలక్ట్రానిక్ సాధనములు మెరుగై, ఒక చుక్కకును మరుచుక్కకును నడిమి మౌనములో గ్రాహకము తెరచుకొనునట్లు చేసినవి. దీనితో పంపువాని చెవుడు తీరినది; పాత తీగపై వలె మాట మధ్యలో 'బి కె' అని అందుకొనుట మరల సాధ్యమైనది. అయినను 'కె' పోలేదు. నోటితో మాటలాడు రేడియోలోనికి కూడ 'సి క్యూ', 'క్యూ ఎస్ ఎల్', 73 నడచి వచ్చినవి. 1983లో హైదరాబాదున ఏర్పడిన జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థవారి బృందము ఒకటి 2004 డిసెంబరులో అండమానులోని పోర్టుబ్లెయిరునుండి ప్రపంచములోని హామ్‌లను పలుకరించుచుండగా, 26వ తేదీ ఉదయమున సునామీ వచ్చిపడినది. వేడుకకై పోయిన స్టేషను ఆ దినములలో క్షేమసమాచారములు చేరవేయు స్టేషనైనది. వంతుల క్రమము చేతిలో ఉన్నవారికి ఆ మార్పు కొన్ని నిమిషముల పని.

వృత్తిగా మోర్సు మాత్రము ముగిసినది. ఫ్రెంచి నౌకాదళము 1997 జనవరి 31న అందరిని పిలిచి, శాశ్వత మౌనమునకు ముందు ఇది తమ చివరి కేక అని తెలిపినది. 1999 ఫిబ్రవరి 1 నుండి ఓడల ఆపద పద్ధతి పూర్తిగా ఉపగ్రహములకు, ఇతర యంత్రములకు మారినది. 2003లో జెనీవా సమావేశము హామ్‌ల పరీక్షలో మోర్సు తప్పనిసరి అను నియమమును తీసివేసి, దానిని ఆయా దేశముల ఇష్టమునకు విడిచినది. విచిత్రమేమనగా, మరుసటి సంవత్సరమే సంకేతావళికి క్రొత్త గుర్తు ఒకటి చేరినది: ఈ-మెయిలు చిరునామాలలోని 'ఎట్' గుర్తు. పాత విధాన సంకేతముల పద్ధతిలోనే 'ఎ', 'సి' అక్షరములను ఎడము లేకుండ కలిపి ( · — — · — · ) దానిని చేసినారు.

అమెరికాలో వ్యాపారపరమైన చివరి మోర్సు సందేశము 1999 జూలై 12న వెలువడినది. 1844లో మోర్సు పంపిన వాక్యమునే ఆ ఆపరేటరు మరల కొట్టి, చివర 'ఎస్ కె' పెట్టినాడు. అప్పటినుండి ఏటేట అదే తేదీ రాత్రి కాలిఫోర్నియా తీరములో కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు మూతపడిన ఓడల స్టేషను యంత్రములను మరల మేల్కొలిపి 'సి క్యూ' అని పిలుచుచున్నారు. హామ్‌లు తమ తమ ఇండ్లనుండి పలుకుచున్నారు.